మా గల్లీకి ఒకటో నంబరు కమాను

ఒక్క ఎర్రపెన్నుతో గల్లీ మొత్తాన్ని మురుగులో ముంచిన ఘనత ఈ నగరంలో ఎవరికైనా ఉందంటే అది నాకే. వానలకు చేతకానిది నేను చేశాను. అదీ ఎలా? లెక్కల టీచరునై ఉండి, ఒకటికీ పదికీ తేడా తెలియక! నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు మా గల్లీవాళ్లు మాత్రం నవ్వలేదు.

అప్పుడు నాకు ఇరవయ్యారేళ్లు. ఆబిడ్స్‌లో ఒక బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఇల్లు నాంపల్లి స్టేషను వెనక సన్నటి గల్లీలో. ఆ గల్లీ మురుగు మోరీ ఏడాదిలో పది నెలలు పొంగేది, మిగిలిన రెండు నెలలు పొంగడానికి సిద్ధమయ్యేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఆ పెద్దలెవరూ మా గల్లీకి రాలేదు. వచ్చుంటే, తొక్కకుండా ఇల్లు చేరడమెలాగో కూడా చెప్పి పోయేవాళ్లు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి బయలుదేరితే ఇటుక మీంచి ఇటుక మీదికి కొంగలా గెంతాలి. ఎన్ని అర్జీలు పెట్టినా "చూస్తాం" అనేవారు. చూడ్డానికైనా ఒక్కడు వచ్చిన పాపాన పోలేదు.

అలాంటిది ఒకరోజు వార్డు ఆఫీసు నుంచి ఫారం వచ్చింది. మీకు ఏ పనులు ముఖ్యమో మీరే చెప్పండి, ఆ ప్రకారమే చేస్తామని! గల్లీకి ఒక్క ఫారం. అందులో పది పనుల పేర్లు, ఎదురుగా ఒకటి నుంచి పది దాకా అంకెలు వేయడానికి పది ఖాళీ గళ్లు. మోరీ, నల్లా నీళ్లు, వీధిదీపాలు, చెత్త, కుక్కలు... అట్టడుగున "గల్లీ మొదట్లో స్వాగత కమాను". చదువుకున్నదాన్నని, నింపే పని నాకప్పగించారు.

"టీచరమ్మా, మోరీ సంగతి జర కోపంగ రాయి," అంది గల్లీ మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న యాదమ్మ.

"అంకెలు కోపంగ ఎట్లేస్తరు యాదమ్మా?"

"గదంత నాకెర్కలే. ఇస్త్రీ చేసిన బట్టలు ఇంటికి చేరెటాల్లకు గబ్బు కొడుతున్నయ్. గిరాకీ అంత పోతున్నది."

పక్కింటి నర్సింగరావు అంకుల్, రిటైరైన గుమాస్తా, కళ్లద్దాలు పైకి తోసుకుని, "కింద సన్నసన్న అక్షరాలల్ల ఏందో రాసిన్రమ్మా. చదివినవా?" అన్నారు.

"అంకుల్, నేను వందల పేపర్లు దిద్దుతా. నాకు అంకెలు నేర్పుతున్నరా?"

ఆ పొగరు చూశారా! ఇప్పుడు తలుచుకుంటే నా చెవి నేనే మెలిపెట్టుకోవాలనిపిస్తుంది.

నా బుర్ర నిండా మార్కులే. ఘనుడికి పది, మొద్దుకి ఒకటి. మోరీకి పదికి పది వేసి, కింద ఎర్రగా మూడు గీతలు గీశాను. నీళ్లకు తొమ్మిది. కమాను దగ్గర ఆగి, "నీ మొహానికి ఇదే ఎక్కువ" అని ఒకటి పారేశాను. సున్నా వేసే వీలు లేదని బాధపడ్డాను కూడా.

కొన్నాళ్లకు పనివాళ్లు దిగారు. గల్లీ అంతా పెళ్లికి వచ్చినట్టు బయటికొచ్చింది. యాదమ్మ చాయ్ తెప్పించింది. వాళ్లు తీరిగ్గా చాయ్ తాగి, అటొక గుంత, ఇటొక గుంత తవ్వి, ఇనపచువ్వలు దించారు.

"పైపులేవి అన్నా?" అన్నాను.

"పైపులేంది మేడం? కమాన్ కడుతున్నం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. యాదమ్మనీ, అంకుల్‌నీ, ఇంకో పదిమందినీ వెంటేసుకుని వార్డు ఆఫీసుకి వెళ్లి బల్ల చరిచాను. చెయ్యి నొప్పి పుట్టింది. అయినా ఇంకోసారి చరిచాను.

"బుద్ధున్నదా మీకు? మురికిల మునిగినోళ్లకు కమాన్ కడతరా? మమ్మల్ని అడుగుడెందుకు, మేం చెప్పింది చెత్తబుట్టల ఏసుడెందుకు?"

"బరాబర్ అడిగినవ్ టీచరమ్మా!" అని వెనకనుంచి యాదమ్మ.

ఆఫీసరు కంగారుపడలేదు. ఫైలు వెతికి, మా ఫారం నా ముందు పెట్టాడు. "ఈ రాత మీదేనా మేడం?"

"ఔ, నాదే!"

"కింది లైను జర చదవున్రి. గట్టిగ."

గట్టిగానే మొదలుపెట్టాను. "అన్నిటికంటే ముందు కావలసిన పనికి ఒకటి వేయవలెను. అన్నిటికంటే చివర..." అక్కడికొచ్చేసరికి నా గొంతు పిల్లిని చూసిన ఎలుక గొంతయింది.

"మోరీ వద్దని మూడు గీతలు గూడ కొట్టిన్రు," అన్నాడాయన. "గింత పట్టుబట్టి మోరీ వద్దన్న గల్లీని నా సర్వీసుల చూడలే."

నా కోపం చల్లారిందనుకున్నారా? ఇంకా రాజుకుంది. "నేను తప్పు రాసిననే అనుకోండి. ఒక్కపారి గల్లీకొస్తే మీకు కనబడదా?"

"చూసుడు మా పని గాదు మేడం. ఫారంల ఏముంటే గది చేసుడే."

ఈ మాటకు నాకిప్పటికీ రక్తం మరుగుతుంది. లెక్క తప్పింది నేనే, ఒప్పుకున్నాను. ఆ ఆఫీసులో ముక్కులన్నీ ఏమైపోయాయండీ?

తిరిగి వచ్చేటప్పుడు గల్లీ మొదట్లో యాదమ్మ ఆగి, "బడిల పోరగాళ్లకు లెక్కలు నువ్వే చెప్తవా టీచరమ్మా?" అంది. అంతే అంది. చాలదూ!

చివరికి మూలిగే మోరీ మీద కమాను పడింది. గుంతలు తవ్వినప్పుడు పాత పైపు పగిలి, అప్పటిదాకా మోరీ పక్కనే కాపురమున్న మురుగు గల్లీ మొత్తాన్నీ ముంచి, పెద్దరోడ్డు మీదికి షికారు బయలుదేరింది. అందులో నాలుగు చెక్కలు పరిచి ప్రారంభోత్సవం పెట్టారు. తెల్లటి బట్టల్లో ఒక పెద్ద నాయకుడొచ్చి, రిబ్బను కత్తిరించి, ఫోటో కోసం రెండడుగులు వెనక్కి వేశాడు. మోకాలిదాకా దిగబడ్డాడు. ఆయన ఎడమకాలి చెప్పు నేటికీ దొరకలేదు.

ఇన్ని అర్జీలకు కదలని ఆఫీసు మర్నాడు తెల్లారేసరికి మా గల్లీలో ఉంది. వారంలో కొత్త పైపులు! ఇన్నేళ్లు మా కాళ్లు మునిగితే లేని సమస్య ఒక్క పెద్దకాలు మునగ్గానే పుట్టిందన్నమాట. ఇదీ న్యాయం!

ఇక యాదమ్మ నా ఘనతను చాదర్‌ఘాట్ దాకా చాటింది. "మోరీ అని రాస్తే ఎవడొస్తడు? కమాన్ అని రాసి, పెద్దసారునే మోరీల నిలబెట్టింది మా టీచరమ్మ!" కాదు మొర్రో అన్నా వినేవాళ్లు లేరు.

కిందటి నెల పక్క గల్లీవాళ్లు కొత్త ఫారం పట్టుకుని మా ఇంటికే వచ్చారు. "టీచరమ్మా, మాకు నల్లా నీళ్లొస్తలేవు. ఏం రాయాల్నో నువ్వే చెప్పు."

ఆ ఫారం చూడగానే, దేవుని సాక్షిగా, మీ అందరి సాక్షిగా నేను చేసిన ప్రతిజ్ఞ ఇదే: బొందిలో ప్రాణముండగా ఏ ఆఫీసు ఫారం మీదా ఈ చేత్తో అంకె వేయను. వేయలేదు కూడా. "గల్లీ మొదట్లో ఫౌంటెన్ కావాలని ఒకటి వేయండి" అని నోటితో చెప్పానంతే.