పెద్దాపరేషన్

నేరేడుచర్లలో మా ఆడబిడ్డ కూతురి ఓణీల ఫంక్షన్‌లో నేను పప్పు గంటెతో ఒక మనిషి తల పగలగొట్టాను. చెయ్యి జారి కాదు, కావాలనే కొట్టాను. ఆ మనిషి ఆడబిడ్డ మొగుడు. వరసకు నాకు అన్న. ఏం అన్నో!

ఎందుకు కొట్టానో తెలియాలంటే ముందు ఒక మాట సంగతి చెప్పాలి. మా వైపు కడుపు కోసి బిడ్డను తీస్తే పెద్దాపరేషన్ అంటారు. ఒట్టి ఆపరేషన్ అన్నారంటే ఇక పిల్లలు పుట్టకుండా చేయించుకునేది. రెండింటికీ తేడా 'పెద్ద' అనే ఒక్క ముక్క. ఆ ముక్కే నా కొంప ముంచింది.

పెళ్లయ్యాక ఏళ్ల తరబడి నాకు కడుపు పండలేదు. సూర్యాపేటలో సూదులు, మిర్యాలగూడలో స్కానింగులు, ఎవరే పసరు చెబితే ఆ పసరు. పేరంటాల్లో బొట్టు పెట్టే ఆడవాళ్లు నన్ను దాటుకుని పక్కదానికి పెట్టేవాళ్లు. వాళ్ల చేతులు విరిచేయాలనిపించేది. చివరికి పాప కడుపున పడితే బీపీ పట్టుకుంది, నెలలు నిండకముందే గుర్రపువాతం వచ్చింది. మూర్ఛల్లో నాలుక కొరుక్కున్నాను. నోరంతా నెత్తురు, నలుగురు మీదపడి పట్టుకుంటే గానీ ఆగలేదట. సూర్యాపేట దవాఖానలో కోసి పాపను తీశారు. ఇద్దరం బతికాం. "ఇంకోసారంటే ప్రాణం మీదికొస్తుంది, బాగా ఆలోచించుకోండి" అని డాక్టరమ్మ చెప్పి పంపింది.

మా అత్తవారిది వేములపల్లి. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ మా అత్త "కోడలికి ఆపరేషనయింది" అని చెప్పింది. భయంలో, ఏడుపులో 'పెద్ద'ను మింగేసింది. ఇంకేం, ఆడపిల్లకే ఆపరేషన్ చేయించుకుందట అని ఊరు ఊరంతా పాకింది. కుండకు మూత పెట్టగలం గానీ ఊరి నోటికి పెట్టగలమా! ఆ పుకారు నా చెవిన మాత్రం పడలేదు. రెండోది ఎప్పుడని ఎవరూ అడగకపోతే, హమ్మయ్య, జనానికి బుద్ధొచ్చిందనుకున్నాను.

అలాంటిది మందూ మాకూ లేకుండా రెండోది కడుపున పడింది. సంతోషం తర్వాత, ముందు డాక్టరమ్మ అన్న మాటే గుర్తొచ్చింది. పాపకు జడ వేస్తుంటే రేపు ఈ జడ ఎవరు వేస్తారోనని ఏడుపొచ్చేది. తీయించేసుకుందామని ఆటో ఎక్కి కూడా సగం దారిలో దిగిపోయాను. ఇన్నేళ్లు దేవుళ్ల కాళ్లు పట్టుకున్నది దీనికోసమే కదా, ఇప్పుడు నా చేతులతో ఎలా చంపుకోను? మా ఆయన మిర్యాలగూడ దగ్గర రైసు మిల్లులో బాయిలర్ చూసుకుంటాడు. "నీ ఇష్టం" అన్నాడు. దిష్టి తగులుతుందని అత్త ఐదో నెల దాకా ఎవరికీ చెప్పనివ్వలేదు.

ఫంక్షన్‌కు ఎంత కొంగు కప్పుకుని వెళ్లినా దాగలేదు. ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. నేను భోజనాల దగ్గర పప్పు వడ్డిస్తున్నాను. అన్నగారు పొద్దున్నే పట్టించి ఉన్నాడు. తూలుకుంటూ వచ్చి మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, బంతి బంతంతా వినేలా అడిగాడు.

"ఏం బామ్మర్దీ, ఆపరేషనయిన దానికి కడుపెట్లొచ్చిందిరా? నువ్వు గాడ మిల్లుల బాయిలర్ రాజేస్తున్నవ్ గని, గీడ పొయ్యి ఎవడు రాజేసిండో అడిగినవా?"

కొందరు నవ్వారు కూడా. మా ఆయన నా కడుపు వైపు చూశాడు. రెప్పపాటే, కానీ చూశాడు. ఆ తర్వాత బావ గల్లా పట్టుకుని మొహం మీద గుద్దాడు.

కుర్చీలు విరిగాయి. సాంబారు బకెట్టు తిరగబడింది. ఇద్దరూ అందులోనే పడి దొర్లుతూ ఒకరినొకరు కుమ్ముకుంటున్నారు. విడిపించబోతే అన్నగారు కాలెత్తి నన్ను తన్నాడు. బల్ల అంచు నడుముకు తగిలి కింద కూలబడ్డాను. లేచేసరికి గంటె ఇంకా చేతిలోనే ఉంది.

"నా బిడ్డనే తంతావురా, ముండాకొడకా!" అని నెత్తిన ఒక్కటిచ్చాను. చర్మం చిట్లి నెత్తురు బొటబొటా కారింది. చూస్తుంటే నాకు హాయిగా ఉంది. ఇంకోటి వేయబోతే అత్త గంటె పట్టుకుంది. అప్పుడు నా కాళ్ల వెంట తడి తెలిసింది. పప్పు చిందిందేమో అనుకున్నాను. పప్పు కాదు, నెత్తురు.

ఆటోలో మిర్యాలగూడ దాకా అత్త తన నోటిని తానే కొట్టుకుంటూ ఏడ్చింది. నాకు ఆవిణ్ణి ఓదార్చే ఓపిక లేదు. లోపలున్న దాంతోనే మాట్లాడాను. నువ్వు బతుకు. వాణ్ణి చంపి జైలుకైనా పోతాను, నువ్వు మాత్రం బతుకు.

దవాఖానలో నర్సు మామూలుగా అడిగింది. "మొదటిది నార్మలా, ఆపరేషనా?"

"పెద్దాపరేషన్!" అని అత్త గొంతు చించుకుంది. "పెద్ద! పెద్దదమ్మా! పిల్లలు కాకుంట జేసేది గాదు, కోసి బిడ్డను దీసింది! మంచిగ ఇనుండ్రి అందరు!"

వరండా అంతా ఇటు తిరిగింది. నర్సు బిత్తరపోయింది. ఆ అరుపేదో అప్పుడే వేములపల్లిలో అరిచి ఉంటే ఎంత బాగుండేది తల్లీ!

స్కానింగ్ గదిలో డాక్టరమ్మ నా కడుపు మీద మిషన్ అటూ ఇటూ జరిపి చూసింది. తర్వాత ధబధబమని చప్పుడు వినిపించింది. "గుండె కొట్టుకుంటోంది. బీపీ బాగా ఎక్కువుంది. మంచం దిగొద్దు, కదలొద్దు. కదిలితే నా పూచీ లేదు" అంది డాక్టరమ్మ. నేను భోరున ఏడ్చాను.

మా ఆయన చిరిగిన చొక్కాతో, పగిలిన పెదవితో మంచం పక్కకొచ్చాడు. నా కడుపు మీద చెయ్యి వేయబోయాడు. ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

"అప్పుడు నా కడుపు వైపు ఎందుకు చూశావు?"

"వాడు తన్నిండు గదా. బిడ్డకు దెబ్బ తాకిందేమోనని సూసిన."

వాడు నన్ను తన్నింది ఆ తర్వాత.

చెంప ఛెళ్లుమనిపించాను. సెలైన్ సూది ఊడి దుప్పటి మీద నెత్తురు చిమ్మింది. ఆయన తల వంచుకుని అలాగే నిలబడ్డాడు. గోడకానుకుని కూర్చున్న అత్తకు అంతా అర్థమైంది.

"నా కొడుకే గని, ఇంకోటియ్యి బిడ్డా" అంది.

ఇవ్వలేదు. కదలొద్దని డాక్టరమ్మ చెప్పింది కదా.