మెలికల గీతల ఆదాం మాస్టారు

మా ఆదాం మాస్టారి చేతిలో సుద్దముక్క ఉంటే చాలు, ఎదురుగా ఉన్నది గోడా, బల్లా, ఆగి ఉన్న బస్సా అని చూడరు. ఎలక్ట్రాన్ల బొమ్మ వేసేస్తారు. రెండు తిన్నటి గీతలు, నడుమ ఓ మెలికల గీత. తిన్నటివి ఎలక్ట్రాన్లు, మెలికది వాటి మధ్య నడిచే ఫోటాను, అంటే వెలుగు కణం.

1968లో విజయనగరంలో ఆయన ఫిజిక్సు లెక్చరరు, నేను ఆయన దగ్గర డిమాన్‌స్ట్రేటర్ని. వాల్తేరు యూనివర్సిటీ లైబ్రరీలో ఏదో విదేశీ పత్రికలో ఆ బొమ్మలు చూసొచ్చారు. ఆనాటి నుంచి మా పేటలో తెల్లగోడ మిగల్లేదు.

ఓ ఆదివారం చర్చి నుంచి వస్తూ భార్య దేవమణి గారితో తగువు పడ్డారు. ఇల్లు చేరగానే గచ్చు మీద గీశారు.

“సూడు, ఇది నువ్వు, ఇది నేను. దగ్గరికొచ్చాం. నడుమ ఫోటాను. అంతే, నువ్వటు, నేనిటు!”

“ఆ మెలిక ముందు ఇసిరిందెవురు?”

“అదే తేలదు. దాని అందవే అది!”

“నాకు తేలింది. మీరే. గచ్చు తుడవండి.”

ఆ ఏడు దసరా సెలవుల తర్వాత ఇంకో వింత. మాస్టారు క్లాసులో మాట్లాడ్డం మానేశారు. రావడం, బోర్డు నిండా బొమ్మలెయ్యడం, పక్కన రెండేసి ముక్కలు రాయడం, గంట కొట్టగానే వెళ్లిపోవడం. ఎవరైనా సందేహం అడిగితే వచ్చి గియ్యమని సైగ.

“ఏటండీ, మూగనోము పట్టారా?” అన్నారు ప్రిన్సిపాలు నరసింగరావు గారు.

“గొంతు బాగోలేదండి!” అన్నారు మాస్టారు, వరండా దద్దరిల్లేలా.

“పరీక్షల్లో ఒక్కరు తప్పినా ఆ క్లాసు ఇంక మీది కాదు.”

ఏడాది చివర ఎవరూ తప్పలేదు. రామతీర్థం రైతు కూతురు దానమ్మ కాలేజీకే ఫస్టు. మెచ్చుకుందామని వెనక నుంచి మూడుసార్లు పిలిచాను. తిరగలేదు. ఎదురుగా వెళ్లి నిలబడితే ఉలిక్కిపడింది. అనుమానం వచ్చి మాస్టార్ని అడిగాను.

“సెలవుల్లో టైఫాయిడొచ్చి రెండు సెవులూ పోనాయి నూకయ్యా. కాలేజీలో తెలిస్తే ఇంటికి పంపేస్తారని ఏడిసింది. మిగతా పాఠాలు పుస్తకాల్లో సదువుకుంటాది, ఈ బొమ్మలకి పుస్తకవేదీ? దానొక్కదానికే గీస్తే నలుగురికీ తెలిసిపోదా? అందుకే అందరికీ గీశాను.”

“మీకు పిచ్చి ముదిరిందన్నారండీ. నేనూ అన్నాను.”

“ఎప్పుడూ అన్నదే కదా! కొత్తగా నాకేటి పోయింది?”

దానమ్మకి వాల్తేరులో ఎమ్మెస్సీ సీటొచ్చింది. మాస్టారే దగ్గరుండి చేర్పించడానికెళ్లారు. సాయంత్రానికి వస్తారనుకుంటే మర్నాడొచ్చారు.

“ఇంత ఆలీసమేటండీ?”

“అక్కడి ప్రొఫెసరు గారు మంచోరే, కానీ బొమ్మకి చెయ్యి తిరగలేదు. పిల్లకెలా తెలుస్తాది? కూకోబెట్టి దిద్దించొచ్చాను.”

మా మాస్టారు ఓ ప్రొఫెసరు గారికి అక్షరాభ్యాసం చేయించారని ఆ రోజు ఊరంతా తిరిగి చెప్పాను.