మూడు గంటల నలభై నిమిషాలు

1964 ఆగస్టు 16, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలు. పద్నాలుగేళ్లుగా నేను మోసిన బరువు మొదలైన అసలు వేళ ఇది. ఆనాటి నా డైరీలో మాత్రం నాలుగు నలభై ఐదు అని ఉంటుంది. అది నా చేతివ్రాతే. అది అబద్ధం.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు గనుకనే చెప్పగలుగుతున్నాను.

అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. తెనాలిలో ఒక సినిమా హాలులో గుమాస్తాను. ఆట మొదలైన వేళ, విరామం వేళ, కరెంటు పోయిన వేళ, అన్నీ రాసిపెట్టుకోవడం నా అలవాటు. స్లైడ్లు రాయడమూ నా పనే. ప్రేక్షకులలో ఎవరికైనా ఇంటినుంచి కబురు వస్తే, గాజు పలకకు మసి పూసి, ‘ఫలానా వారు వెంటనే బయటకు రావలెను’ అని సూదితో గీకి ఇచ్చేవాణ్ణి. ఆపరేటరు దానిని ఆడుతున్న బొమ్మ మీదనే వేసేవాడు. మొత్తం నాలుగు నిమిషాల పని.

ఆ రోజులలో ఆడుతున్నది ఒక ప్రేమకథ. చేసిన నేరం దాచి నాయికను ప్రేమించిన నాయకుడు చివరి రీలులో ఆమె ముందు అంతా ఒప్పుకుంటాడు. ఆమె క్షమిస్తుంది. హాలంతా కళ్లు తుడుచుకునేది. నేను దానిని ఇరవై మూడుసార్లు చూశాను. చూసి ఏమి నేర్చుకున్నాను?

మార్త తెనాలి పక్కనే అంగలకుదురులో టీచరు. ఆదివారం చర్చి అయ్యాక తోటి టీచరుతో కలిసి మ్యాట్నీకి వచ్చేది. అంతకుముందు వారం, ఆడవాళ్ల వైపు వరండాలో, “స్లైడ్ల మీద ఆ అక్షరాలు మీవేనటగా?” అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వారం రోజులు తయారు చేసుకున్నాను. ఈ ఆదివారం విరామంలో చెప్పాలి.

మూడు నలభైకి ఆమె అన్న దానియేలు వానలో తడిసి వచ్చాడు. రేపల్లె దగ్గర వాళ్ల ఊరు పెనుమూడి రేవులో పడవ నడిపే మనిషి. ‘నాన్నకు బాగాలేదు, సాయంత్రం బండికి రావలెను’ అని చీటీ. రేపల్లె బండి నాలుగు ముప్పై ఐదుకు. స్టేషనుకు పావుగంట నడక. “ఇప్పుడే స్లైడు వేస్తానండి, చూసి ఆవిడే వస్తారు, గేటు దగ్గర కూర్చోండి” అన్నాను.

వేయలేదు. చీటీని చొక్కా జేబులో పెట్టుకున్నాను. విరామానికి ఇంకా ఇరవై రెండు నిమిషాలే కదా, రెండు మాటలు మాట్లాడి అప్పుడే ఇద్దాం అనుకున్నాను. ‘బాగాలేదు’ అంటే ఏ జ్వరమో అయి ఉంటుందని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నాకు అనుకూలమైన అర్థం నేనే తీసుకున్నాను.

నాలుగు గంటల రెండు నిమిషాలకు విరామం. గేటుకు కనిపించని ఆడవాళ్ల వైపు వరండాలో ఏడు నిమిషాలు మాట్లాడాము. ఆమె రెండుసార్లు నవ్వింది. ఆ నవ్వుకు బారెడు దూరంలో, నా జేబులో, ఆమె తండ్రి ఉన్నాడు. ఇవ్వవలసిన క్షణం అదే. ఇస్తే ‘ఇది ఎప్పుడు వచ్చింది?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు భయపడ్డాను. బెల్లు మోగింది. ఆమె లోపలికి వెళ్లిపోయింది. బండి వెళ్లిపోయాక ముందు డైరీలో అబద్ధం రాసుకున్నాను, తరువాత స్లైడు రాశాను. నాలుగు యాభైకి అది తెర మీద పడింది. అక్షరాలు మాత్రం ముచ్చటగా వచ్చాయి.

మార్త గేటు దగ్గరకు పరుగున వచ్చింది.

“ఏంటన్నయ్యా, ఇప్పుడా రావడం? బండి పోయింది కదా!”

“అదేంటమ్మా, నేనొచ్చి గంట దాటింది. ఈ బాబుకి చీటీ ఇచ్చాగా. చెప్పండి బాబూ.”

“లేదండి. మీరు వచ్చింది నాలుగు నలభై ఐదుకు. రాసుకున్నాను.”

దానియేలు తన ఖాళీ మణికట్టు చూసుకున్నాడు. “వాచీ ఉన్నోళ్లు మీరు. మీరు చెప్పిందే నిజమయ్యుంటుంది లెండి.”

“టీకొట్లో కూర్చున్నావు కదూ? రైలు కూడా నీ పడవే అనుకున్నావా, కేకేస్తే వెనక్కి రావడానికి?”

“ఏమో… టీ తాగానేమోనమ్మా.”

వానకు బస్సులు ఆగిపోయాయి. మరునాటి మొదటి బండిలో నేనూ తోడు వెళ్లాను. వాళ్ల నాన్నగారు ముందురోజు రాత్రే పోయారు. పోయేముందు ‘మార్త వచ్చిందా’ అని మూడుసార్లు అడిగారట. సమాధి దగ్గర ఆమెకు గొడుగు పట్టింది నేనే. ఆ గొడుగు చూసి ఆమె నన్ను మంచివాడనుకుంది. 1966లో మా పెళ్లి అయింది. తరువాత బాపట్లకు మారాము.

తండ్రి పోయిన మూడో ఆదివారమే దానియేలు చర్చిలో సంఘం ముందు నిలబడి, దారిలో టీకి ఆగానని, తండ్రికి కూతురిని దూరం చేశానని ఒప్పుకున్నాడు. చేయని తప్పును అతడు నిలబడి ఒప్పుకుంటుంటే, చేసిన నేను రెండో వరుసలో కూర్చుని విన్నాను. మార్త అతనితో మాట మానేసింది. అతడు పంపిన చేపలు పక్కింటికి ఇచ్చేసేది.

మొన్న సెప్టెంబరు 3న అదే సినిమా బాపట్లలో మళ్లీ వచ్చింది. మార్త చూద్దామంది. చివరి రీలులో అందరూ ఏడుస్తుంటే ఆమె పొడి కళ్లతో, “ఇన్నాళ్లు దాచినవాణ్ణి ఒక్క కన్నీటి బొట్టుకే క్షమించేస్తుందేంటండీ?” అంది.

మరునాడు ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ఆమెకు చెప్పేశాను. ఏడవలేదు. తిట్టలేదు. “అన్నయ్యకు చెప్పారా?” అని మాత్రం అడిగింది.

ఇద్దరం బస్సెక్కి పెనుమూడి రేవుకు వెళ్లాము. బావగారు దానియేలు పడవలో గెడ ఆనించుకుని నిలబడి అంతా విన్నారు. “అయితే నేను టీ తాగలేదన్నమాట” అన్నారు. తరువాత చెల్లెలి వైపు తిరిగారు. “విన్నావా అమ్మా? నేను తాగలేదంట.” మార్త నీళ్లలోకి దిగి పడవెక్కి ఆయన పక్కన కూర్చుంది. నన్ను ఎక్కమని ఎవరూ అనలేదు. ఒక్కడినే తిరిగి వచ్చాను.

నేటికి పదకొండు రోజులు. ఆమె ఇంకా రాలేదు. ఉత్తరమూ లేదు. అయినా ఊపిరి పూర్తిగా అందుతోంది. ఇది సిగ్గుపడవలసిన సుఖమే. కాదనను.

పోయినవి: ఒక తండ్రి కడసారి చూపు. అన్నాచెల్లెళ్ల పద్నాలుగేళ్లు. బహుశా నా సంసారం.

మిగిలినవి: అక్షరాలు అలికిపోయిన ఆ చీటీ. బావగారికి తిరిగి దక్కిన తన జ్ఞాపకం. నాకు, పాత డైరీలో 4.45 కొట్టివేసి పక్కన రాసిన 3.40.