బాంబుల బొమ్మకు నా తెలుగు

మా నర్సీపట్నం చర్చిలో ఇంగ్లీషు ప్రసంగాలకు తెలుగు చెప్పేవాణ్ణి నేనే. పాస్టరుగారు ఒక వాక్యం అనగానే నేనొకటి అనాలి, మధ్యలో ఖాళీ రాకూడదు. అర్థం కానిచోట సొంతంగా ఏదో కలిపేసేవాణ్ణి. పైగా నాకు రాని ఇంగ్లీషు లేదని పొగరొకటి.

డెబ్బయ్యో దశకం చివర్లో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, కిటికీలకు దుప్పట్లు కట్టి ప్రొజెక్టరు పెట్టారు. మనిషి ఎగరడం ఎలా నేర్చాడో చెప్పే బొమ్మల సినిమా. రెక్కలు కట్టుకుని కొండ మీంచి దూకినవాడు, బెలూను, రెండంతస్తుల రెక్కల విమానం, ఆ తర్వాత యుద్ధవిమానాలు. సినిమాలో ఇంగ్లీషు గొంతు పాస్టరుగారిలా నా కోసం ఆగదు కదా. రెండో నిమిషానికే దారి తప్పాను. అర్థం కావట్లేదని ఒప్పుకుంటే పరువేం కావాలి? నోటికొచ్చింది చెప్పాను. జనం నవ్వేకొద్దీ రెచ్చిపోయాను.

గీసినవాడెవడో బాంబులకు కళ్ళూ మూతీ పెట్టాడు. అవి ఈల వేసుకుంటూ ఊరి మీద పడుతుంటే, "అత్తా, బేగి ఎసరెట్టు, సుట్టాలొస్తన్నాం!" అని అరిచాను. హాలంతా గొల్లుమంది.

ముందు బెంచీలో ఒక మామ్మగారు మాత్రం కళ్ళూ చెవులూ మూసుకుని ముడుచుకుపోయారు. పెళ్ళైన కొత్తలో ఆవిడ రంగూన్‌లో ఉండేవారు. జపాను బాంబులు పడ్డప్పుడు భర్తతో నడిచి ఇండియాకు వచ్చేశారు. చెల్లెలు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. బతికే ఉందని ఆవిడ నమ్మకం. ప్రతి కూటంలోనూ ఆ చెల్లెలి కోసం ప్రార్థన అడిగేవారు. ఆ ప్రార్థన ఎన్నోసార్లు చేసింది నేనే.

దుప్పట్లు తీశాక, సిగ్గుతో చచ్చిపోతూ, క్షమించమని అడుగుదామని వెళ్ళాను. ఆవిడే ముందు నా చెయ్యి పట్టుకున్నారు.

"బాబూ, నాను కళ్ళు మూసేసుకున్నాను. నువ్వు సూసేవు కదా, సెప్పు. ఆ ఇళ్ళల్లో మనుషులు బయటికొచ్చేసారా?"

నేను చూడలేదు. అప్పుడు నవ్వేవాళ్ళ మొహాలు చూస్తున్నాను.

"వచ్చేశారు మామ్మగారూ, అందరూ."

ఆవిడ నా చెయ్యి కళ్ళకద్దుకున్నారు.

రీలు వెనక్కి చుట్టే పని నాకే పడింది. బాంబులు పడే ముక్క వెలుతురుకు పెట్టి చూశాను. ఇళ్ళకు కిటికీలు కూడా గీశాడు. మనుషుల్ని గీయనే లేదు.

బుధవారం కూటంలో ఆవిడ లేచి సాక్ష్యం చెప్పారు. "బొమ్మల్లోనైనా దేవుడు నాకు సూపించేడు. అందరూ బయటికొచ్చేసారు. బాబు సూసేడు."

పాస్టరుగారు నన్ను ప్రార్థన చెయ్యమన్నారు. లేచి నిలబడ్డాను. ఎంతసేపటికీ ఒక్క మాట రాలేదు.