పిట్ట ముట్టని విస్తరి

"మాఫ్ చేసిన" అనే ఒక్క మాటతో చచ్చినవాడి ఆకలి తీరుతుందంటే, ఆ మాట అనకుండా నిలబడటం తప్పా? మొగిలమ్మ విషయంలో నాకు ఇప్పటికీ తేలలేదు. చాలా పుస్తకాలు చదివాను. క్షమించినవాళ్ల గురించి వాటిలో బోలెడంత ఉంది. క్షమించకుండా కడుపునిండా అన్నం తిని నిద్రపోయినవాళ్ల గురించి ఎవరూ సరిగ్గా రాయలేదు.

హనుమకొండలో మా ఇంటి వెనక గదిలో మొగిలమ్మ నాలుగేళ్లు కిరాయికి ఉంది. రోజూ ఆటోలో మిర్చి యార్డుకు పోయి తొడిమెలు తీసేది. సాయంత్రం వచ్చేసరికి వేళ్లు ఎర్రగా ఉబ్బేవి. కొబ్బరినూనె ఇస్తే తీసుకునేది కాదు.

"మండనియ్యి టీచరమ్మా. పన్నెండేండ్లు నాకు ఏదీ మండలే."

నర్సంపేట అవతల వాళ్ల ఊరు. భర్త కట్టయ్య పాము కరిచి పోయాడు. పదోనాడు కట్టయ్య అన్న రాజమల్లు, ఊళ్లో కల్లు దుకాణం ఆయనదే, ఒక సీసా పంపాడు. "దుఃఖం మరుస్తవు, తాగి పండుకో" అన్నాడు. మర్నాడు ఇంకొకటి. ఆ తర్వాత పన్నెండేళ్లు ఏ సాయంత్రమూ తప్పలేదు. అందులో నిద్రమందు పొడి కలుస్తుందని ఊరందరికీ తెలుసు. తెలిసే తాగేవారు, తాగకపోతే చేతులు వణికేవి కనుక. మొగిలమ్మ పొలం రాజమల్లే దున్నుకున్నాడు. ఆమె అడగలేదు. ఎవరేమన్నా నవ్వేది. మొగిలమ్మంత మంచిది ఊళ్లోనే లేదనేవారు.

ఒక ఏడాది అధికారులు వచ్చి దుకాణం కొన్నాళ్లు మూయించారు. కల్లు అందక నాలుగో రోజుకు ఆమె మెడ ఒకపక్కకు వంగిపోయింది. గోడల నిండా చీమలు కనిపించాయి. ఫిట్సు వచ్చాయి. బిడ్డ తిరుమల అత్తగారింటి నుంచి పరుగున వచ్చి హనుమకొండ దవాఖానకు తెచ్చింది, మంచానికి తల్లి చేతులు చున్నీతో కట్టి కాపలా కూర్చుంది. కాలేయం కూడా పాడైందన్నారు. బతకడానికి నెల పట్టింది.

తెలివి వచ్చాక నర్సు "ఏం తింటవమ్మా?" అని అడిగితే, తనకు ఏది ఇష్టమో మొగిలమ్మకు గుర్తులేదట. తిరుమల చింతచిగురు పప్పు తెచ్చింది. మొగిలమ్మ గిన్నె ఊడ్చి తినేసింది. ఊరికి తిరిగి పోకుండా మా వెనక గదిలో దిగాక, అట్లా ఒక్కొక్కటి తెలుసుకుంది. పులుపు ఇష్టం. పొద్దున్నే లేవడం ఇష్టం. ఎవరైనా అయ్యో పాపమంటే ఒళ్లు మంట.

"నేను మంచిదాన్ని గాదు టీచరమ్మా" అన్నది ఒకసారి, మిరపకాయ తొడిమె గిల్లినట్టు మాట గిల్లి. "గా మంచిదాన్ని మా బావ సీసాల పోసి పంపిండు. నేను ఇంకోదాన్ని."

ఒకరోజు నా పక్కన కూర్చుని ఫోన్లో బిడ్డ పెళ్లి వీడియో చూసింది. ఆ పెళ్లి ఆమెకు జ్ఞాపకమే లేదు. అప్పగింతల దగ్గర తిరుమల తల్లి మెడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. తల్లి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. వెనక ఎవరో నవ్వుతున్నారు.

"లగ్గం నాడు పొద్దుగాలనే రెండు సీసాలు పంపిండు. గడబిడ చేయొద్దని." ఫోన్ బోర్లా పెట్టింది. మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

పోయిన ఎండాకాలం రాజమల్లు చనిపోయాడు. కొడుకు భానుచందర్ ఫోన్ చేశాడు. మూడోనాడు మొగిలమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది.

"నువ్వూ రా టీచరమ్మా. నిజంగ సచ్చిండో లేదో చూసొద్దాం."

ఆ రోజు పిట్టకు పెడతారు. చచ్చినవాడికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పొలం దగ్గర పెట్టి దూరం జరుగుతారు. కాకి ముట్టేదాకా ఎవరూ మెతుకు తినరు. ముట్టకపోతే ఆయన మనసులో ఏదో మిగిలిందని అర్థం.

మటన్, గారెలు, బీడీ కట్ట, గ్లాసునిండా కల్లు. పన్నెండు దాటింది. కాకి రాలేదు.

"ఊళ్లె కాకులు యాడున్నయి, అన్నీ కోతులేనాయె" అన్నారెవరో. ఎవరూ నవ్వలేదు.

"మనుమరాండ్లను మంచిగ చూసుకుంటనే బాపూ, ముట్టు" అని భానుచందర్ మొక్కాడు. రాలేదు. అందరూ మెల్లగా మొగిలమ్మ వైపు తిరిగారు. రాజమల్లు భార్య యాకమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నీ గురించే మొగిలీ. పోయేటప్పుడు నీ పేరే తీసిండు. మాఫ్ చేసిన అను. ఒక్క మాట."

"అను చిన్నమ్మా, జర. షుగరున్నోళ్లున్నరు, కండ్లు తిరిగి పడుతరు" అన్నాడు భానుచందర్.

మొగిలమ్మ చెయ్యి విడిపించుకుంది. విస్తరి దాకా నడిచి, వంగి, గ్లాసు వాసన చూసింది.

"అక్కా, గిది దుకాణంల కల్లేనా?"

"మరి? ఆయన కల్లే."

"ఆయన తాగేది గిది గాదు గదా. పెరట్ల చెట్టు కల్లు, ఆయన కుండ వేరే. పన్నెండేండ్లల్ల గిది ఒక్క బుక్క నోట్లె పోసుకున్నడా? బతికుండంగ ముట్టనోడు సచ్చినంక ఎట్ల ముడుతడే?"

యాకమ్మ మొహం చూడాల్సింది. నా లోపల ఏదో చల్లబడింది. దాచను. ఆమె పగ నాదే అన్నంత తృప్తిగా ఉండింది.

భానుచందర్ ఇంటికి పరుగెత్తి చెట్టు కల్లు తెచ్చి పోశాడు. అయినా కాకి రాలేదు. మొగిలమ్మ చేతులు కట్టుకుని విస్తరి ఎదురుగా నిలబడింది. ఒంటిగంట. రెండు. ముసలివాళ్లు గట్టు మీద కూలబడ్డారు. ఒక పిల్ల ఆకలికి ఏడుస్తోంది. నాకూ తల తిరుగుతోంది.

అప్పుడు నేనన్నాను. "అనరాదూ మొగిలమ్మా. మనసులో లేకున్నా పైకి అను. పోయినోడు పోయిండు."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. సీసా అందించిన చెయ్యిని అట్లా చూసి ఉంటుంది. చెప్పులు వేసుకుని, గట్టు దిగి, రోడ్డు మీద పోతున్న ఆటో ఆపి ముందుసీట్లో కూర్చుంది.

చావింటి నుంచి పోతూ పోయొస్తమని ఎవరూ చెప్పరు. అందుకే చెప్పకుండా పోయిందనుకున్నాను.

చివరికి ఒక కుక్క వచ్చి మటన్ ముట్టింది. అదే పిట్ట అనుకుని అందరూ తిన్నారు. నేనూ తిన్నాను. చీకటిపడే వేళకు బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి వెనక గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల సామాను లేదు. ఊడ్చి తుడిచిన నేల ఇంకా తడిగా ఉంది.