అలలాజో అన్న మాట రాసిన వారం

డిగ్రీ అయ్యాక ఉద్యోగం లేక ఇంట్లో ఉన్న ఏడాది, మా వీధి చివర ఉండే మాస్టారికి రోజూ పొద్దున్న రెండు గంటలు రాతపని చేసిపెట్టేదాన్ని. ఆయన పాస్టర్లకు గ్రీకు నేర్పి రిటైరైనవారు. చూపు మందగించింది. బైబిల్లోని గ్రీకు మాటల మీద పుస్తకం రాయాలని కోరిక. ఆయన చెబితే నేను రాసేదాన్ని. మాది వ్రతాలూ నోములూ చేసుకునే ఇల్లైనా అమ్మకి ఆయనంటే గౌరవం.

అప్పుడే కోనసీమ మీద తుఫాను పడింది. మా అన్నయ్య సముద్రం దగ్గర ఒక ఊళ్లో రొయ్యల చెరువుల మోటార్లు చూసే పనిలో ఉన్నాడు. వెనక వీధిలో ఉండే వాడి స్నేహితుడిదీ అక్కడే పని. రాజమండ్రిలో మాకు గాలీవానా తప్ప పెద్ద నష్టం లేదు. కానీ ఎస్టీడీ బూత్ నుంచి ఎన్నిసార్లు చేసినా ఆ ఊళ్లో ఫోను మోగలేదు. నాన్న దొరికిన లారీ ఎక్కి బయల్దేరి, రోడ్డుకి అడ్డంగా కొబ్బరిచెట్లు పడిపోయి ఉంటే దారి లేక తిరిగొచ్చారు.

రెండో రోజు ఇంట్లో ఉండలేక మాస్టారింటికి వెళ్లాను. ఆ రోజు మాట ‘అలలాజో’. మార్కు సువార్తలో, చనిపోయిన పన్నెండేళ్ల పిల్ల ఇంట్లో జనం పెట్టే ఏడుపు కేకలకి ఆ మాటే వాడారట.

“పలికి చూడమ్మా, అ-ల-ల... నోరు తెరిస్తే వచ్చే శబ్దమే మాటైపోయింది. బైబిల్లోని కీర్తనల గ్రీకు అనువాదంలో సంతోషంతో వేసే కేకకీ ఇదే మాట. రాసుకో.”

నా పెన్ను కదల్లేదు.

“ఆగావేంటమ్మా?”

“అన్నయ్య దగ్గర్నుంచి ఏ కబురూ లేదండి.”

ఆయన పుస్తకం మూసేశారు. “ముందే చెప్పకూడదటమ్మా? నేను చావు గురించి చెప్పుకుపోతున్నాను” అని, చేతికర్ర అందుకుని నాతో మా ఇంటికి నడిచొచ్చారు. చాలాసేపు అరుగు మీద కూర్చున్నారు. చివరికి అమ్మే అంది: “మీ దేవుడికి కూడా ఓ మాట చెప్పండి మాస్టారూ.”

నాలుగో రోజు మధ్యాహ్నం వీధి కుళాయి దగ్గర ఉండగా అమ్మ కేక వినిపించింది. ఏడుపో సంతోషమో తెలియలేదు. ఎదురింటావిడ నా రెక్క పట్టుకుని లాక్కుపోయింది. గుమ్మంలో అన్నయ్య! ఒళ్లంతా బురద, ఒంటి మీద ఎవరిదో చొక్కా. అమ్మ వాడి వీపు మీద కొడుతూ ఏడుస్తోంది.

ఆ కేక వెనక వీధికీ వినిపించింది. స్నేహితుడి తల్లి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది.

“వచ్చేశారా బాబూ! మావాడు ఇంటికెళ్లాడా? నేనేమో ఇటొచ్చేశాను!”

అమ్మ ఏడుపు ఆపేసింది. అన్నయ్య తల దించుకున్నాడు.

“లేదండి పిన్నిగారూ. అందరం స్కూలు మేడెక్కాం. వాడు మోటార్ల షెడ్డుకి తాళం వేసొస్తానని వెనక్కెళ్లాడండి. ఇంతలో నీళ్లొచ్చేశాయి.”

ఆవిడ ఏడవలేదు. “అయితే వెనకాలే వస్తాడులే” అని, ఇంటికెళ్లి తలుపులు బార్లా తీసుకుని గుమ్మంలో కూర్చుంది.

వారం తర్వాత నాన్నా, ఆ అబ్బాయి తండ్రీ వెళ్లి, చొక్కాని బట్టి గుర్తుపట్టి, అక్కడే దహనం చేసొచ్చారు. ఆ సాయంత్రం ఆవిడ పెట్టిన ఏడుపు మా పెరట్లోకి వినిపించింది. “నేనలా అరవకుండా ఉండాల్సింది” అంది అమ్మ. ఆ మాట తర్వాత చాలా ఏళ్లు అంటూనే ఉంది.

కర్మలయ్యాక ఆవిడే అన్నయ్యని పిలిపించింది. తోడుగా నేనూ వెళ్లాను.

“ఆఖర్న ఏమన్నాడు బాబూ?”

“‘నువ్వెక్కరా, అయిదు నిమిషాల్లో వచ్చేస్తా’ అన్నాడండి.”

ఆవిడ మళ్లీ చెప్పమంది. అన్నయ్య మళ్లీ చెప్పాడు.