వీధి పొడవున తాడు

ఆ వీధి ఒక చివర గోడతో ఆగిపోతుంది. ఆ గోడ ఉండబట్టే తాళ్లక్క పని ఇన్నాళ్లూ సాగింది. తాడు పేనాలంటే నిడివి కావాలి. గోడ దగ్గర కొక్కేలున్న చక్రం పెట్టి ఒకరు తిప్పుతుంటే, ఆమె నడుముకు పీచు కట్టుకుని, చేతుల్లోంచి వదులుతూ వెనక్కి నడిచేది. బళ్లు తిరగని వీధి కాబట్టి అడ్డు లేదు.

ఇప్పుడు ఆ గోడ కొట్టి వీధిని అవతలి పెద్ద రోడ్డుకు కలుపుతారట. అవతల ఆస్పత్రి ఉంది. తాళ్లక్క ఇంట్లోనే ఉండే ఆడపడుచుకు ఉబ్బసం. పోయిన వానాకాలం ఊపిరాడని మనిషిని ఆటోలో వేసుకుని రైలు గేటు మీదుగా చుట్టు తిరిగి తీసుకెళ్లేసరికి పెదాలు నల్లబడ్డాయి. అందుకే రోడ్డు వద్దని తాళ్లక్క ఎన్నడూ అనలేదు.

వీధి జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడిన ఇంజనీరు మర్యాదస్తుడే. ఎవరి అరుగు పోతుందో, ఎవరి మెట్లు పోతాయో అన్నీ విన్నాడు.

"మరి నా పనిచోటో?" అంది తాళ్లక్క.

"మీ ఇల్లు ఇంచు కూడా పోవట్లేదు కదమ్మా. వీధి అందరిదీ."

"ఆ అందరిలో నేను లేనా బాబూ?"

కిరాణా కొట్టాయన విసుక్కున్నాడు. "నాలుగు తాళ్ల కోసం ఊరికే అడ్డం పడతావా అక్కా? నీ ఆడపడుచు మొహం చూసైనా ఒప్పుకో."

"ఒప్పుకున్నానుగా. రోడ్డు మంచిదే. నాకు పోయేదేం లేదని మాత్రం నా మొహం మీద అనకండి. కాలవ పక్కన పొడుగు జాగా ఒకటి ఖాళీగా పడుంది. అది నాకివ్వండి."

"చూద్దాం" అన్నాడు ఇంజనీరు. మళ్లీ ఆ ఊసే లేదు.

గోడ కొట్టే యంత్రం వచ్చిన పొద్దున, తాళ్లక్క చక్రాన్ని ఆ గోడకే బిగించి పని మొదలుపెట్టింది. సగంలో వదిలితే పురి విడిపోయి పీచు పాడవుతుందని వీధిలో పిల్లలకు కూడా తెలుసు. చక్రం తిప్పుతున్నది ఆడపడుచు.

కిరాణా కొట్టాయన ఆడపడుచును చూసి నెత్తి కొట్టుకున్నాడు. "నీకేం పొయ్యేకాలం తల్లీ? ఈ రోడ్డు నీలాంటి వాళ్ల కోసమే కదా!"

"నా కోసమైతే నన్నడగాలిగా అన్నా." ఆమె ఆగి దమ్ము తీసుకుంది. "రోడ్డు రావాల్సిందే. మా వదిన జాగా తేలాక రానీ."

"ఓసి, మాటలు తర్వాత! చెయ్యి ఆపకు!" తాళ్లక్క కసిరింది.

యంత్రం నడిపేవాడు ఇంజను ఆపేశాడు. "ఎంతసేపమ్మా?"

"ఇదా? ఇప్పుడే అయిపోతుంది. అవగానే ఇంకోటి మొదలెడతా."

ఎవరో పక్కున నవ్వారు. ఇంజనీరు నవ్వలేదు. ఫోను తీసి, కాలవ పక్క జాగా ఎవరి కింద ఉందో కనుక్కోమని ఎవరికో చెప్పాడు.

"కనుక్కోండి బాబూ, తొందరేం లేదు" అంది తాళ్లక్క, చేతుల్లోంచి పీచు వదులుతూనే. "మేమిక్కడే ఉంటాం."